హేమసుందర్ యాభయ్యో కిలోమీటరు

హేమసుందర్ నలభై మూడో ఏట పరుగు మొదలుపెట్టాడు, అదీ డాక్టరు పుణ్యమా అని. షుగరు వచ్చింది, రోజూ నడవమన్నారు. మనవాడు నడవలేదు, పరిగెత్తాడు. నాగాయలంక చేపలవాళ్ళ ఇంటి బిడ్డ, బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఐస్ కంపెనీ ఆఫీసులో గుమాస్తా. చిన్నప్పుడు ఉప్పునేలల్లో చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్ళు. వాటికి బూట్లు తొడిగించి కృష్ణ ఒడ్డున మా ఆదివారం గుంపులో చేర్చింది నేనే. నేను రిటైరైన డ్రిల్లు మాస్టార్ని. నా మోకాళ్ళు అరిగిపోయాక ఇతరుల్ని పరిగెత్తించడం మరిగాను. అంతకంటే సుఖమైన పని ఇంకోటి లేదు.

తొమ్మిదేళ్ళలో బెజవాడలో ఎవరు పరుగుపందెం పెట్టినా అతను వెళ్ళాడు. ఐదు కిలోమీటర్లు, పది, ఇరవై ఒకటి. మొదట్లో పరుగు అయ్యాక అతని నోరు మూయించడం మా తరం అయ్యేది కాదు. ఎక్కడ పిక్క పట్టేసిందో, ఏ కుర్రాణ్ణి దాటాడో ఇడ్లీ చల్లారేదాకా చెప్పేవాడు. రెండేళ్ళుగా ఆ కబుర్లు తగ్గిపోయాయి. మెడలో పతకం వేస్తే తీసి జేబులో పడేసుకుని బండి స్టార్ట్ చేసేవాడు.

"ఎలా ఉందోయ్ ఇవాళ?" అని అడిగితే, "ఏముంది మాస్టారూ, అయిపోయింది" అనేవాడు. అలసట అనడు, ఆనందం అనడు. వయసు మీద పడుతోందని సరిపెట్టుకున్నాను.

పోయిన డిసెంబరులో కరకట్ట మీద యాభై కిలోమీటర్ల పరుగు పెట్టారు. ఎనిమిది గంటల్లో చల్లపల్లి చేరాలి. నలభై దాటినవాళ్ళు డాక్టరు సర్టిఫికెట్టు తేవాలి. హేమసుందర్‌కి తోడు నేనూ వెళ్ళాను.

"షుగరు మనిషివి. అరికాళ్ళలో స్పర్శ పోయుంటే పరుగు ఇంతటితో మానెయ్యాలి. దెబ్బ తగిలినా తెలీదు, పాదం తీసెయ్యాల్సి వస్తుంది," అని డాక్టరు ముందే చెప్పారు. కళ్ళు మూసుకోమని, గాలపు దారంలాంటి నైలాను పోగుతో అరికాలిని ఒక్కోచోట తాకుతూ అడిగారు.

"తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ."

పదిసార్లూ తెలిసింది. సంతకం పడింది. బయటికొచ్చాక టిఫిను తింటూ హేమసుందర్ నవ్వాడు.

"డాక్టరుగారు వంగినప్పుడల్లా ఆయన స్టూలు కిర్రుమంటోంది మాస్టారూ. అది వినపడగానే తెలుస్తోందండీ అనేశా."

"మరి నిజంగా తెలిసిందా?"

"పెద్దాయన అంత శ్రద్ధగా అడుగుతుంటే లేదని ఎలా అంటామండీ?"

నేనూ నవ్వాను. మన జిల్లా మర్యాదే అంత. వడ్డించిన ఇల్లాలు నొచ్చుకుంటుందని ఉప్పు కషాయంలాంటి పులుసుని కూడా అమృతం అంటాం. అప్పుడే వెనక్కి వెళ్ళి డాక్టరుతో చెప్పాల్సింది. వెళ్ళలేదు. మా గుంపులో యాభై పూర్తి చేసినవాడు ఒక్కడైనా ఉండాలని నాకూ దురాశ. ఇప్పుడు ఎంత తిట్టుకున్నా చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

తెల్లవారకముందే పరుగు మొదలైంది. నాకు నలభై నాలుగో కిలోమీటరు దగ్గర మంచినీళ్ళ బల్ల అప్పగించారు. దారిలో ముగ్గురు బండివాళ్ళు ఆగి, "ఎక్కండి బాబాయ్, చల్లపల్లిలో దింపేస్తాం, ఎండలో ఏం పరిగెడతారు?" అన్నారట. అతను ముగ్గురికీ దణ్ణం పెట్టి వదిలించుకున్నాడు.

నా దగ్గరికి వచ్చేసరికి ఇంకా గంట టైముంది. గ్లాసు అందిస్తూ కిందికి చూశాను. కుడి బూటు ముందు భాగం ఎర్రగా తడిసి ఉంది. సిమెంటు మీద అడుగు పడినచోటల్లా మరక.

"హేమసుందర్, ఆగు. కాలికేదో గుచ్చుకుంది. బూటు విప్పు."

అతను వంగి చూసుకున్నాడు, ఎవరి కాలో చూసినట్టు.

"నొప్పి లేదు మాస్టారూ."

"లేకపోతేనే కదరా భయం!"

"ఆరు కిలోమీటర్లేగా," అన్నాడు. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. నేను చెయ్యి పట్టుకుని ఆపవచ్చు. గడియారం చూసుకున్నాను, వదిలేశాను. నా మీద నాకు అసహ్యం వేసేది ఆ గడియారం చూసుకున్నందుకే. ఎవరి బండో ఎక్కి అతని వెనకాలే చల్లపల్లి వెళ్ళాను.

ఏడు గంటల నలభై ఆరు నిమిషాలకి గీత దాటాడు. చప్పట్లు కొట్టారు, మెడలో పతకం వేశారు. అతని ముఖంలో ఏమీ లేదు. భార్య సుధామణి పొద్దున్నే బస్సులో వచ్చి క్యారేజీతో ఎదురుచూస్తోంది. సర్టిఫికెట్టు వచ్చిందంటే కాళ్ళు బాగున్నాయనే ఆవిడ నమ్మకం. అతన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి బూటు విప్పింది. మేజోడు మడమ దాకా ఎర్రబడిపోయింది. బొటనవేలి కింద తుమ్మముల్లు, బూటు అడుగుని చీల్చుకుని వచ్చి లోపలే విరిగింది. చుట్టూ కండ నలిగి తెల్లబడింది. ఎన్ని కిలోమీటర్లు దాని మీద పరిగెత్తాడో అతనికే తెలియదు.

"అయ్యో, ఇదేంటండీ! ఇంతసేపూ ఎలా భరించారు?"

అతను మెడలో పతకం తీసి జేబులో పడేసుకున్నాడు. నేను నీళ్ళ సీసా మూత తీసి ఆవిడకి అందించాను.

ఆవిడ గాజుకి తగిలించిన పిన్నీసు తీసి, నీళ్ళతో కాలు కడిగి, పాదం ఒళ్ళో పెట్టుకుంది.

"లోతుగా దిగిందండీ, బాగా నొప్పెడుతుంది. పళ్ళు బిగబట్టండి."

హేమసుందర్ రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నేను వెనక నుంచి భుజాలు పట్టుకున్నాను. ఆవిడ పిన్నీసుతో కండని పక్కకి తప్పించి, గోళ్ళతో ముల్లు కొస దొరకబుచ్చుకుంది. అతని భుజాలు నా చేతుల కింద బిగుసుకునే ఉన్నాయి, కొంచెం కూడా ఉలికిపడలేదు.

"ఊఁ, కానియ్యి సుధా," అన్నాడు కళ్ళు తెరవకుండానే. "లాగెయ్. ఓర్చుకుంటాలే."

ఆవిడ ముల్లుని అరచేతిలో పెట్టుకుని అతని ముఖంలోకి చూస్తోంది.

"తీసేశానండీ," అంది.