రేణుక మేడం, ఇరవై లైన్ల ప్రోగ్రాం

నా ప్రోగ్రాంలో తప్పు లేదు. ఉందని తేల్చి, ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసేవాళ్లు నా ఫిర్యాదును మూసేశారు. మూడేళ్లు ఆ మాట మోశాను. ఈ ఉదయం మిర్యాలగూడ మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన కిటికీలోకి వచ్చేసరికి రేణుక మేడం గురించి రాయాలనిపించింది.

కోదాడలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబు ఆమె చూసేది. నాకన్నా పాతికేళ్లు చిన్నది. పదో తరగతి తప్పి, మిల్లులో పని చేస్తూ పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్న నేను, బియ్యం ఫోటో చూసి నూకలెన్నో చెప్పే ప్రోగ్రాం ఆమె దగ్గరికి పట్టుకుపోయాను. నా కంప్యూటర్‌లో ప్రాసెసర్లు నాలుగు కాబట్టి ఫోటోను నాలుగు ముక్కలు చేశాను. ల్యాబు కంప్యూటర్‌లో ఎనిమిది ఉంటే, నాలుగు ఊరికే కూర్చున్నాయి. మేడం నవ్వలేదు. మీ వైపు నాట్లు ఎలా వేస్తారని అడిగింది. మనిషికింతని కొలిచివ్వరని, చేతిలో పని అయినవాళ్లు పక్క మడి చెక్కలోకి దిగుతారని చెప్పాను. "మరి ఇక్కడ ముందే ఎందుకు కొలిచారు బాబాయ్? ఎంతమంది ఉన్నారో ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడగండి. ముక్కలు చిన్నవి చెయ్యండి" అంది. అలా మార్చాక, సూర్యాపేటలో మా బావమరిది దుకాణంలోని రెండు ప్రాసెసర్ల పాత డబ్బా మీద కూడా అక్షరం దిద్దకుండా నడిచింది.

తర్వాత ల్యాబులో కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేశారు. నా ప్రోగ్రాం మధ్యలో బిగుసుకుపోయేది. బయటివాళ్లను రానిచ్చినందుకు ప్రిన్సిపాల్ అందరి ముందూ మేడాన్ని మందలించాడు. నన్ను ల్యాబుకు రావద్దన్నాడు. అయినా ఆమె ఆదివారాలు తన ఇంట్లో నాతో కూర్చుని లైను లైను చదివింది. ఫోటో ముక్కల మీద పనిచేసే ప్రాసెస్ పని లేనప్పుడు నిద్రపోతుంది, పని రాగానే దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ లేపాలి. ఒక్కోసారి లేపడం లేదు. ఆ సంగతి దాన్ని తయారుచేసేవాళ్లకు రాస్తే, తప్పు నీదే పొమ్మన్నారు.

నేను నాలుగు పేజీల తిట్లు రాశాను. మేడం చదివి పక్కన పెట్టింది.

"తిట్టకపోతే ఆళ్లకెట్ల సమజైతది మేడం?"

"మీ కోపం మీ ఇంట్లోనే నడుస్తుంది బాబాయ్. తప్పును పట్టిచ్చే ఇరవై లైన్లు రాసి పంపండి, అవి వాళ్ల మిషన్ మీద కూడా నడుస్తాయి."

నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. కానీ ఏ ఆఫీసుకు ఏం రాసినా తిట్లు కొట్టేసి, రుజువు ఉంచుతాను. మేం పంపిన ఆ ఇరవై లైన్లకు మొన్న వచ్చిన జవాబును ముందు మేడానికి పంపి, తర్వాతే టీ తాగాను. ఇంగ్లీషులో ఉన్నదాని సారం ఇది: "మీరు పంపిన ఇరవై లైన్లు మా దగ్గరా బిగుసుకుపోయాయి. లేపడం మరిచింది మేమే. సరిచేశాం. సరిగా చూడకుండా మూసేసినందుకు మన్నించండి."