అవతలి అంచు

బోర్లించిన పడవ మీద వాన చప్పుడు వింటే ఇప్పటికీ మా మామ మునెయ్య గుర్తొస్తాడు. నాకు పిల్లనిచ్చింది ఆయనే, చేపల వేట నేర్పిందీ ఆయనే. నేను నగరిలో మగ్గాల ఇంట్లో పుట్టి, పిచ్చాటూరు డ్యాము పక్కకు ఇల్లరికం వచ్చినవాణ్ణి. నాకు ఈత రాదు. ఆ సంగతి మామకు ఒక్కడికే తెలుసు. మిగతా ఊరికి నేను తల ఎగరేసుకుని తిరిగే అల్లుణ్ణి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాత గుండ్రటి పుట్టి వదిలేసి పడవ కొందామనుకున్నాం. మద్రాసు దారిలో ఒక షెడ్డులో రెండు అల్యూమినియం పడవలు పక్కపక్కన ఉన్నాయి. రెండూ పన్నెండడుగులవే. ఒకదాని అడుగు చదును, అచ్చం పశువుల తొట్టి. రెండోది అడుగు కోసుగా, ముక్కు పైకెత్తి పెళ్లికొడుకులా ఉంది. నా కన్ను దాని మీదే పడింది.

మామ రెండింటి అడుగునా చేత్తో తడిమి చూశాడు. “వల లాగేటప్పుడు ఇద్దరమూ ఒక పక్కకే వంగుతాము గదా అల్లుడూ. సదునుదైతే కుదురుగా ఉంటాది.”

“తొట్టిలో పోతే నలుగురూ నవ్వుతారు మామా,” అన్నాను, అందరికీ వినబడేలా.

నలుగురి ముందు అల్లుడి మాట తీసేయడం మా పక్క మర్యాద కాదు. మామ నా ముఖం చూసి, షెడ్డాయనతో “అల్లుడికి నచ్చినాది. అదే ఇచ్చేయప్పా” అన్నాడు.

పడవ నీళ్లలో దించిన రోజే వల నా చేతికిచ్చి, తాను నాకెదురు పక్క, అవతలి అంచున కూర్చున్నాడు. “నువ్వు లాగు. నేను ఈడ కూసుంటా.” డ్యాము మొత్తం మీద ఆయనలా వల లాగేవాడు లేడు. అట్లాంటివాడు ఏడేళ్లు వల ముట్టలేదు. “మా మామకు ఒళ్లు వంగడంలేదప్పా” అని టీ అంగడిలో నేను ఎగతాళి చేస్తే తానూ నవ్వేవాడు.

ఆయన మంచాన పడ్డాక ఒక్కణ్ణే పోయాను. వల బరువు చేతికి తగలగానే పడవ నా వైపు ఒరిగి, నీళ్లు అంచు దాటి లోపలికొచ్చాయి. వల వదిలేసి పడవ మధ్యలో బోర్లా పడి ఏడ్చాను. భయం సగం, సిగ్గు సగం.

ఇంటికొచ్చి మంచం పక్కన కూర్చున్నాను. “పడవ ఒరుగుతాదని ఎందుకు సెప్పలేదు మామా?”

“నలుగుర్లో సెప్తే సిన్నబోతావు. ఇంట్లో సెప్తే నీళ్లంటే బయం పట్టుకుంటాది. కూసునేదానికి నాకేం కష్టమప్పా?” అని, “ఈత మాత్రం నేర్సుకో” అన్నాడు. ఆ నెలలోనే పోయాడు.

నేర్చుకున్నాను. ఆ పడవ అమ్మేసి చదునుది తెచ్చుకున్నాను. ఇప్పుడు మా అమ్మాయి నాతో వచ్చి, వల తనే లాగుతుంది.

“ఈ పడవ ఒరగదు నాయనా, ఈ పక్కకు వచ్చి ఓ చెయ్యెయ్యి,” అంటుంది.

తెలుసమ్మా అంటాను. అయినా అవతలి అంచునే కూర్చుంటాను.