స్నానాల గదులకు తాళం పడనివ్వని ప్రేమావతి

ప్రేమావతి వీధిలోకి వచ్చిందంటే నర్సీపట్నం టీ కొట్లలో గ్లాసులు వాటంతటవే తెల్లబడతాయని మన ఊళ్లో ఒక ఛలోక్తి ఉంది. అందులో అబద్ధమేమీ లేదు. శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేరిన నాటి నుంచీ ఆవిడ మూత తీసి చూడని నీళ్ల ట్యాంకు ఈ ఊళ్లో లేదు. కొంగు నడుముకు దోపుకుని తానే నిచ్చెన ఎక్కే ఆఫీసరును అంతకుముందు మనమెరుగుదుమా? వానల్లో రావికమతం వైపు బావుల్లోకి బురద నీళ్లు చేరితే, డ్యూటీ తనది కాకపోయినా బ్లీచింగు బస్తా ఆటోలో వేసుకుని వెళ్లింది. ఏ వేళ తలుపు తట్టినా మందిచ్చిన కాంపౌండరు వరదానం గారి కూతురనిపించుకుంది.

అన్నిటిలోకీ పెద్ద పని బస్‌స్టాండు వెనక ఆడవాళ్ల స్నానాల గదులు. కొయ్యూరు కొండల నుంచి పసుపు, చింతపండు మోసుకుని సంతకొచ్చే ఆడవాళ్లు ఒకప్పుడు కాలవ గట్టున, నలుగురి కళ్లలో పడుతూ స్నానం చేసేవారు. చూడలేక, ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఆ గదులు కట్టించింది. చూసుకోవడానికి కొండ మనిషే ఉండాలని పట్టుబట్టి గున్నమ్మను పెట్టించింది.

అలాంటిది, మొన్న ఎండాకాలం అక్కడ స్నానం చేసిన పిల్లల ఒళ్ల మీద కురుపులు లేచాయి. పై అధికారి జగదీశ్వరరావు గారు మెత్తని మనిషే గానీ, ఈసారి చేతిలో కొత్త తాళంతో వచ్చారు.

“ప్రేమావతి గారూ, ఈ సంతనాటికి కారణం తేలకపోతే తలుపుకి ఇది వేయక తప్పదండీ. చంటిపిల్లల సంగతి.”

“వేస్తే వాళ్లకి మళ్లీ కాలవ గట్టేనండీ.”

“అందుకే సంత వరకూ ఆగుతున్నాను.”

ప్రేమావతికి అంతుపట్టలేదు. కుళాయిలకు నీళ్లిచ్చే తొట్టిలో రోజూ బ్లీచింగు కలుపుతున్నారు. నీళ్లు గాజు గొట్టంలో పట్టి పరీక్ష మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలుతోంది. ఆ రంగు వచ్చిందంటే నీళ్లలో బ్లీచింగు బలం ఉన్నట్టే. మరి కురుపులెందుకు?

సంత ముందురోజు మళ్లీ గొట్టంలో నీళ్లు పట్టింది. మందు సీసా మూత బిగుసుకుపోయి రాలేదు. గొట్టాన్ని కిటికీలో నిలబెట్టి మూతతో కుస్తీ పడుతూ అటు చూసిందామె. సున్నం గోడ ముందు ఆ నీళ్లు లేత పసుపుగా మెరుస్తున్నాయి. ఇంకా ఒక్క చుక్క వేయలేదు!

“గున్నమ్మా, తొట్టిలో ఏటి ఏసేవు?”

“నానేటేత్తానమ్మా, నువ్విచ్చిన కంపు మందే.”

“ఇంకా?”

“ఇంకేటి... కూసింత పసుపు.” గున్నమ్మ తల ఎత్తింది. “మా కొండ పసుపేనమ్మా, షాపు సరుకు గాదు!”

“కూసింతంటే?”

గున్నమ్మ దోసిలి పట్టి చూపించింది. “మరేటి సెయ్యమంటావు? నీళ్లు ఆస్పత్రి కంపు కొడతన్నాయని మావోళ్లు మొకం తిప్పుకుని కాలవకెలిపోతన్నారు. పసుపేసేక అందరూ వత్తన్నారు. బిడ్డలకి పసుపు మంచిదే గదా?”

“ఒంటికి మంచిదే. తొట్టిలో ఏస్తే నా మందు మురికిని ఒగ్గేసి నీ పసుపుతో దెబ్బలాడి సచ్చిపోతంది.”

“అయితే నా పసుపే గెలిసిందన్నమాట.”

“గెలిసింది. దాంతోపాటు కురుపులూ గెలిసేయి.”

గున్నమ్మ నవ్వు ఆగిపోయింది. “నన్ను తీసేత్తారా అమ్మా?”

“నిన్ను తీసేస్తే మీవోళ్లని కాలవ కాడి నుంచి బతిమాలి తెచ్చీదెవరు? సీపురట్టుకురా, బేగి.”

ఇద్దరూ తొట్టిలోకి దిగి పాచి గీకారు, పసుపు మరకలు పోయేదాకా తోమారు. సాయంత్రమే బ్లీచింగు కలిపి వదిలేస్తే పొద్దుటికి ఘాటు తగ్గి, బలం నిలుస్తుందని ప్రేమావతి ఉపాయం చెప్పింది. తర్వాత నేరుగా జగదీశ్వరరావు గారి దగ్గరకు వెళ్లింది.

“పసుపు వేసింది గున్నమ్మ, వాళ్లవాళ్లు రావాలని. చుక్కలు వేయకముందు గొట్టం చూసుకోనిది నేను. తాళం వేస్తే నా పొరపాటుకు వేయాలి, ఆ గదులకు కాదండీ.”

మర్నాడు పొద్దున్నే ఆయన వచ్చి నీళ్లు పట్టించారు. చుక్కలు వేయకముందు తేటగా ఉన్నాయి. వేశాక రంగు తేలింది. ఆయన జేబులోంచి ఆ కొత్త తాళం తీసి ప్రేమావతి చేతిలో పెట్టారు.

సంత ఆడవాళ్లు వచ్చేసరికి గుమ్మంలో గున్నమ్మ పసుపు గిన్నెతో కూర్చుని ఉంది. చంటిబిడ్డను చంకనేసుకొచ్చిన చిట్టితల్లి పిడికెడు తీసుకుని, గున్నమ్మ వేసినట్టే వేద్దామని తొట్టి వైపు నడిచింది.

“ఓలమ్మా, ఆగు! పసుపు ఒంటికి రాసుకో. తొట్టిలో ఏసేవంటే సెయ్యిరిసేత్తాను,” అంది గున్నమ్మ.

వెయ్యాలన్నా కుదరదు. గది తలుపుకి వేద్దామని తెచ్చిన ఆ కొత్త తాళం ఇప్పుడు తొట్టి మూతకి వేలాడుతోంది. తాళంచెవి గున్నమ్మ కొంగున ముడివేసి ఉంది. ఆ ముడి వేసింది మన ప్రేమావతే.