ఎర్రబడని లైటు

మా నాయిన సాగర్ ఎడమ కాలువ మీద లస్కర్. హాలియాకు కొంచెం అవతల ఒక పిల్లకాలువ తూములన్నీ ఆయన చేతిలో ఉండేవి. యాసంగి పంటకాలంలో పై రైతులు రాత్రికి రాత్రి షట్టర్లు ఎత్తుకుంటే చివరి మళ్ళు ఎండిపోతాయి. అందుకని తెల్లారకముందే లేచి, గట్టు వెంట నడిచి, ఎత్తినవాటిని దించి రావడం ఆయన పని. దించాలంటే కాలువకు అడ్డంగా వేసిన బండ ఎక్కాలి. రెండడుగుల వెడల్పు కూడా ఉండదు. బ్యాటరీలైటు చంకలో ఇరికించుకుని రెండు చేతులతో చక్రం తిప్పాలి.

ఆ లైటుకు మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. అది మూడు సెల్లుల పాత రేకు లైటు. సాయంత్రం అమ్మ దాన్ని వెలిగించి, అద్దానికి చెయ్యి అడ్డం పెట్టి చూసేది. వేళ్ళ అంచులు వెలిగితే సెల్లు బాగున్నట్టు, లేకుంటే కొత్తవి వేసేది. దారిలో వెలుగు ఎర్రబడిందంటే నాయిన ఇక బండ ఎక్కేవాడు కాదు. గట్టు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటూ తెల్లారేదాకా ఆగేవాడు. రైతులు మొత్తుకున్నా వినేవాడు కాదు. "లైటు ఎర్రగైంది, నేనేం జెయ్యాలె" అనేవాడు, పై ఆఫీసరు హుకుం వచ్చినట్టు.

నాకు ఆ లైటంటే చిరాకు. తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్ళకు నేను డిగ్రీలో ఫిజిక్స్ పూర్తి చేసి ఇంట్లో కూర్చున్నాను. ఉద్యోగం లేదు గానీ చదువుకున్నదాన్నన్న పొగరు మాత్రం ఒంటినిండా ఉంది. ఒకరోజు హాలియాలో దుకాణానికి వెళ్ళాను. దుకాణదారు రెండు చార్జింగ్ లైట్లు బల్ల మీద పెట్టాడు. మొదటిది మామూలుది. సెల్లు దిగుతున్నకొద్దీ వెలుగూ దిగుతుంది. రెండోదాంట్లో సర్క్యూట్ ఉంది. సెల్లు సగమైనా, పావైనా వెలుగును తగ్గనివ్వదు.

"గని మేడం, ఆగితే ఒక్కసారే ఆగుతది. యాదితోటి చార్జింగ్ పెట్టుకోవాలె" అన్నాడు.

ఆయన చెప్పనక్కర్లేదు, ఆ సంగతి నాకు ఆయనకంటే బాగా తెలుసు. రెండోదే కొన్నాను.

నాయిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిది ఎర్రబడుతదా బిడ్డా?" అని అడిగాడు.

"ఎర్రబడేటివి పాతకాలంవి నాయినా. ఇది ఆఖరుదాక ఒక్కతీరుగుంటది" అన్నాను.

అబద్ధమేమీ కాదు. కానీ సగమే చెప్పాను. మిగతా సగం చెబితే ఆయన పాత లైటే గెలుస్తుందని నా బాధ. వాదంలో ఓడిపోవడం నాకు చిన్నప్పటినుంచీ చేతకాదు. తర్వాత అమ్మ వచ్చి, చార్జింగ్ ఎప్పుడు పెట్టాలని అడిగింది. నేను పుస్తకంలోంచి తలెత్తలేదు. "తక్కువైనప్పుడు పెట్టమ్మా" అన్నాను.

కొద్దిరోజులు ఊళ్ళో అందరూ ఆ లైటును మెచ్చుకున్నారు. ఒక మంచు పట్టిన పొద్దున నాయిన ఇంటికి రాలేదు. పొద్దెక్కాక కిందితూము దగ్గర నీళ్ళలో దొరికాడు. లైటు మాత్రం పైన బండ మీదే ఉంది, చుక్క తడి లేకుండా. తెచ్చిచ్చిన రైతు అది వెలగడం లేదన్నాడు. స్విచ్చు ఆన్‌లోనే ఉంది.

బండ మీద కాలు జారిందని ఊరు అనుకుంది. అడిగినవాళ్ళకు నేనూ అదే చెప్పాను. దినాలైపోయాక, ఎవరూ లేనప్పుడు, ఆ లైటును చార్జింగ్ పెట్టాను. వైరు పీకగానే, నేను స్విచ్చు ముట్టుకోకుండానే, అది భగ్గున వెలిగింది. తెల్లగా, కొన్ననాటిలాగే. ఆర్పి గూట్లో పెట్టాను. నాకు భయం వేసింది. ఇప్పటికీ వేస్తుంది.

అమ్మ మాత్రం దాన్ని వదల్లేదు. ప్రతి సాయంత్రం గూట్లోంచి తీసి, వెలిగించి, చెయ్యి అడ్డం పెట్టి చూసేది. గోడ మీద ఆమె వేళ్ళ నీడ పెద్దగా పడేది. పోయిన మనిషి మీద మమకారం అనుకుని నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని. ఇప్పుడు ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పి బతుకుతున్నాను. సెల్లు పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద రెండు గీతలు గీస్తాను. ఒకటి ఏటవాలుగా దిగుతుంది. రెండోది తిన్నగా పోయి ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడేచోట నా చెయ్యి ఆగిపోతుంది. మేడం మళ్ళీ మర్చిపోయిందని పిల్లలు నవ్వుకుంటారు.

పోయిన యాసంగికి ముందు, నాయిన జాగాలో కొత్తగా వచ్చిన లస్కర్ మా ఇంటికి వచ్చాడు. నడివయసు మనిషి.

"చెల్లె, నువ్వు సదువుకున్నదానివి. తూముల కాడికి ఏ లైటు మంచిగుంటది?"

"సర్క్యూట్ లేనిది కొను అన్నా. వెలుగు జర తక్కువనే. గని సెల్లు అయిపోతాంటే ముందుగాల్నే నీకు ఎరుకైతది. తెల్లగ వెలిగేదాన్ని నమ్మకు. లోపల ఖాళీ అయితాన్నా ఆఖరు నిమిషందాక గట్లనే వెలుగుతది. గదే కొంటే, మంచిగ వెలిగినా సరే, రోజూ చార్జింగ్ పెట్టు."

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. గడపలో బియ్యం చెరుగుతున్న అమ్మ చేతిలో చేట ఆగిపోయింది.

"తెల్లగ వెలిగినా లోపల ఖాళీ ఉంటదా?"

"ఉంటదమ్మా."

"గది నీకెప్పుడు ఎరుకైంది?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ ఆమె నా మొహమే చూస్తోంది.

"కొన్ననాడే."

అమ్మ చేట కింద పెట్టింది.

"ఆయన పోయే ముందురోజు పొద్దుమీకి నేనే సూసిన. చేతి ఏళ్ళు మంచిగ వెలిగినయి. నిండుగున్నదని నేనే ఆయనకిచ్చిన. సెల్లు దిగింది నా కండ్లకు కనవడలేదని, నేనే గుర్తువట్టకపోతినని, రోజూ తీసి సూస్తున్న, నేను ఏడ తప్పు సూసిన్నో అని."

నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. తప్పయిందని కూడా అనలేకపోయాను, ఏ తప్పుకని అనాలో తెలియక. అమ్మ జరగలేదు, నన్ను ముట్టుకోనూ లేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుని, చాలా మెల్లగా అడిగింది.

"గీ ఒక్క మాట నాకు గప్పుడే చెప్తే ఏమైతుండె బిడ్డా?"