పూలజడ కోసం మూసిన కారు అద్దాలు

నా చిన్నప్పుడు చెన్నై తొండియార్‌పేటలో మా వీధి మొత్తానికీ ఒక్కటే కారు, అది మా పెదనాన్నది. దాన్ని ఆయన మాకంటే గారాబంగా చూసుకునేవాడు. మా మేనత్త పెళ్ళికి తిరువొత్తియూరు మండపానికి అందులోనే బయల్దేరాం. వెనక సీట్లో నడుమ అత్త, ఆమెకు ఒక పక్క మా అవ్వ, ఇంకో పక్క నేను. ముందు పెదనాన్న పక్కన మా అమ్మ, ఒళ్ళో తమ్ముడు.

పక్కింటి అక్క తెల్లవారుజామునే వచ్చి అత్తకు పూలజడ కుట్టింది. మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మొగలి రేకులు... అబ్బ, ఏం జడ అది! కారెక్కగానే మా అవ్వ హుకుం జారీ చేసింది. గాలికి జడ చెదిరిపోతుందట, లారీల దుమ్ముకు పట్టుచీర మాసిపోతుందట, అద్దాలన్నీ ఎత్తేయాలట. చెన్నై ఎండాకాలం సంగతి చెప్పేదేముంది! మల్లెల వాసనా చెమట వాసనా కలిసి కారంతా కమ్మేశాయి.

అత్త మాత్రం కిక్కురుమనలేదు. ముహూర్తం దాకా ఉపవాసమని పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పైగా పెళ్ళికూతురు నోరు తెరిచి ఏదీ అడగకూడదని ఇంటిల్లిపాదీ నూరిపోశారు. నేను చూస్తుండగానే ఆమె బుగ్గచుక్క చెమటకు కరిగి గడ్డం దాకా జారింది. తల నా భుజం మీద వాలిపోయింది. "పెదనాన్నా, అత్తను చూడు!" అని అరిచాను.

ఆయన రోడ్డు పక్కన కారాపి నాలుగు తలుపులూ బార్లా తెరిచాడు. అవ్వ లబోదిబోమంది.

"జడ పాడైపోతాదిరా!"

"జడ ఒక్కటే ఆడికి చేరితే చాలునామ్మా? పిల్ల చేరొద్దా?"

ఉపవాసమని కూడా చూడకుండా అత్తకు మంచినీళ్ళు తాగించాడు. కాసేపటికి ఆమె కళ్ళు తెరిచి ముందు జడే తడుముకుంది. "ఊపిరాడలేదని చెప్పొద్దా, పిచ్చిపిల్లా!" అని ఆయన కసిరాడు గానీ, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

లోపలి వేడి పోయాక అందరం ఎక్కాం. మా చేతులు ఒళ్ళో పెట్టించి, వేళ్ళు నలగకుండా చూసుకుని తలుపులు వేశాకే ఆయన అద్దాల హ్యాండిల్ తిప్పాడు. అమ్మ పక్క అద్దం కాస్త, దానికి ఎదురు మూలన నా పక్కది కాస్త దించాడు. గాలి ఈ మూల వచ్చి ఆ మూల పోతుంటే ప్రాణం లేచొచ్చింది. సముద్రం కనబడగానే నేను చెయ్యి బయట పెట్టబోయాను. "లోపల పెట్టు తల్లీ, లారీవాడు నీ చెయ్యి చూసి తోలతాడా?" అన్నాడు. మండపంలో అత్త పీటల మీద నవ్వుతూ కూర్చుంది. జడలో ఒక్క పువ్వు రాలలేదు.

ఇప్పుడు మా అబ్బాయి కారులో మీట నొక్కితే అద్దాలు లేస్తాయి, నెత్తిన కూడా ఒక అద్దం. మిట్టమధ్యాహ్నం దానికి తెర లాగేస్తాం, చల్లబడ్డాక కొద్దిగా తెరుస్తాం. మా మనవరాలు అందులోంచి తల బయటపెట్టి నిలబడతానని గోల చేస్తుంది. "కారు ఆగినాక ఆకాశమంతా చూద్దువుగాని, కూచోమ్మా" అంటే మూతి ముడుచుకుని కూర్చుంటుంది.

అది ఎలాగూ తనకు కావలసింది అరిచి అడుగుతుంది. మా కోడలు అలా కాదు, ఎంత ఇబ్బందైనా నోరు విప్పదు. అందుకే అద్దాలు ఎత్తే ముందు వెనక్కి తిరిగి మొదట ఆ అమ్మాయినే అడుగుతాను, "నీకు గాలి ఆడతా ఉందా తల్లీ?" అని.