బస్సు ఆలస్యం

తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చినప్పుడు మా సిరిసిల్ల వీధిలో సాంచాలు ఒక్కొక్కటే మళ్లీ మొదలవుతాయి. మరమగ్గాలను ఇక్కడ సాంచాలంటారు. పక్కింట్లో నాలుగున్నాయి, వెనక గల్లీలో ఎన్నున్నాయో లెక్కలేదు. మొదట దూరంగా చిన్న గురక, ఆ తర్వాత మంచం కోడు సన్నగా వణకడం, ఆ తర్వాత కిటికీ అద్దం. సగం నిద్రలో ఉన్న నాకు అది కోరుట్ల బస్టాండులో ఇంజను ఆపకుండా నిలబెట్టిన ఎర్రబస్సు. డ్రైవరు చాయ్ తాగుతున్నాడు, కండక్టరు ఇంకా ఎక్కలేదు, నాకు కిటికీ పక్క సీటు దొరికింది, ఒళ్లో టిఫిన్ డబ్బా వెచ్చగా ఉంది. నా చెయ్యి దిండు కింద చిల్లర కోసం వెతుకుతుంది. పూర్తిగా మెలకువ వచ్చేసరికి నాకు నలభై దాటి ఉంటాయి. బస్సు ఉండదు, ఎస్తేరు మేడం ఉండదు.

ఎస్తేరు మేడం జగిత్యాలలో ఒక ఆడిటరు ఆఫీసులో పెద్ద క్లర్కు. నా మొదటి కొలువు అక్కడే. తెలంగాణ కోసం ఊరూరా టెంట్లు వేసుకుని జనం కూర్చున్న రోజులవి. మా ఆయన దుబాయిలో ఉండేవాడు, నేను కోరుట్లలో అత్తమ్మ దగ్గర. అత్తమ్మ ఒడిలో బీడీల చాట, నోట్లో ఒకటే మాట. "ఇంట్ల కూసోని బీడీలు చేస్తే బాట ఖర్చు లేదు. జీతమంత బస్సుకు పెట్టుడు గదేం కొలువే?" ఆమె అన్నదాంట్లో అబద్ధమేమీ లేదు. కానీ పొద్దున బస్సులో ఆ గంట నాది. చలికాలం కిటికీ తెరిస్తే పొలాల మీద పొగమంచు, ఆ మంచులోంచి పసుపు ఉడకబెట్టే వాసన. ఎవరూ నన్ను పిలవరు, ఏ పనీ చెప్పరు. నిద్రా కాదు, మెలకువా కాదు. ఆ గంట కోసమే నేను కొలువు పట్టుకు వేలాడానని ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

ఫిబ్రవరి వచ్చిందంటే మా ఆఫీసు జాతరే. టీచర్లు, బ్యాంకు వాళ్లు ఆదాయపు పన్ను ఫారాలు పట్టుకుని వచ్చేవారు. ఆ ఫారంలో ఒక గడి ఉండేది. ఇంటి నుంచి కొలువుకు వచ్చిపోయే ఖర్చు కింద ఇచ్చే భత్యంలో ఇంత వరకు పన్ను లేదని దాని అర్థం. మేడం దాన్ని 'బాట గడి' అనేది. మొదటిసారి చదివినప్పుడు నమ్మలేకపోయాను. నా ఎర్రబస్సు సంగతి సర్కారుకు తెలుసా అని మురిసిపోయాను. ఆ రోజు నుంచి ఒక్క టికెట్టు పారేస్తే ఒట్టు. పాత నోటుబుక్కు కాగితాలకు అన్నం మెతుకులతో వరసగా అంటించాను. మరుసటి ఫిబ్రవరిలో ఆ కట్ట తెచ్చి మేడం ముందు పెట్టాను.

"ఏంది బిడ్డా గిది?"

"టికెట్లు మేడం. నా బాట గడికి."

మేడం నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. "ఓ పిచ్చిపిల్లా, గా గడికి టికెట్లు ఎవలడిగిండ్రు? అయినా పన్ను పడేటంత జీతముంటే గద మాఫీ. నీకు నాకు గంత జీతమేడిది?"

ఆ మాటకు నా మొహం మాడిపోయింది. ఏడాది పాటు దాచుకున్నాను మరి. కళ్లలో నీళ్లు కనపడగానే ఆమె నవ్వు ఆపేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ చూసింది.

"మాది బీర్పూర్ గద. భూమి లేదు, జాగ లేదు. నన్ను గన్న మా అవ్వ పొద్దు పొడవకముందే రెండు కోసులు నడిసి కైకిలికి పోయేది. కొంచెం పొద్దెక్కి అందితె సగం కూలే. గా నడక ఎవ్వలు రాసిపెట్టలే. అవ్వకు గూడ యాదిలేదు ఎంత నడిసిందో. నువ్వు రాసిపెట్టుకున్నవ్. పారేయకు, ఇటియ్యి."

పెన్సిలు చెక్కుకుని కూర్చుంది. మిషను టికెట్ల మీది అక్షరాలు ఎక్కువ కాలం నిలవవట, పాతవి అప్పటికే వెలిసిపోయాయి. వరస చూసి ప్రతి టికెట్టు పక్కన తారీఖు వేసింది. ఆ రోజు నేను ఎన్నింటికి ఆఫీసు మెట్లెక్కానో హాజరు రిజిస్టరు చూసి రాసింది. రిజిస్టరులో ఆడిటరు సారు ఎర్రసిరాతో 'ఆలస్యం' అని రాసిన రోజులు చాలానే ఉన్నాయి. ఆ రోజుల టికెట్ల పక్కన మేడం పెన్సిలుతో 'బస్సు ఆలస్యం' అని రాసింది.

"రెండూ ఒకటే కదా మేడం?" అన్నాను.

"ఎట్లయితది? ఆలస్యమైంది బస్సు. నువ్వు గాదు. మాట సక్కగ రాయాలె బిడ్డా."

అది మొదలు రోజూ వస్తూనే టికెట్టు ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఆమె చిన్నగా ఏదో ప్రార్థన గొణుక్కుంటూ అంటించేది, రాసేది, సొరుగులో పెట్టేది. నాకు అదొక అలవాటైపోయింది. టికెట్టు ఇవ్వనిదే పని మొదలైనట్టు ఉండేది కాదు.

ఆ ఏడు వానలు వెనకబట్టాక తెలంగాణ కోసం పెద్ద సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లోనే ఉండిపోయాయి. వారాల తరబడి మా రోడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటలు చేశారు, బతుకమ్మలు ఆడారు. గునుగు, తంగేడు రేకులు తారు మీద అలాగే పడి ఉండేవి, తొక్కి పోవడానికి బండి లేదు. ఒక్కోరోజు ఆటో దొరికేది, ఒక్కోరోజు ట్రాక్టరు, ఇంకోరోజు ఏదీ దొరక్క సగం దూరం నడిచి వెనక్కి వచ్చేదాన్ని. నడుస్తుంటే కలలో నడిచినట్టే ఉండేది, ఎంతకీ ఊరు రాదు. మేడం ఆ రోజులకు కూడా కాగితం ఖాళీ ఉంచలేదు. టికెట్టంత తెల్లముక్క కత్తిరించి అంటించి, పక్కన 'బస్సు లేదు. ట్రాక్టరు మీద వచ్చింది' అనో, 'బస్సు లేదు. సగం దూరం నడిచింది' అనో నేను చెప్పింది చెప్పినట్టు రాసేది.

ఆడిటరు సారు చెడ్డవాడేమీ కాదు. పొద్దున టెంటు దగ్గరికి పోయి జై తెలంగాణ అని గొంతు పోయేలా అరిచి వచ్చేవాడు. వచ్చి కూర్చుని, బొంగురు గొంతు సవరించుకుంటూ నా పేరు ముందు గైర్హాజరు వేసేవాడు. బస్సులు మళ్లీ తిరిగిన వారానికి నన్ను పిలిచాడు.

"గిట్లయితె కష్టమమ్మా. ఊళ్లెనే ఉండే పిల్లను సూసుకుంట. వచ్చే నెల నుంచి నువ్వు రాకు."

కళ్ల ముందు అత్తమ్మ బీడీల చాట కనబడింది. ఇక పొద్దున నన్ను ఏ బస్సూ తీసుకుపోదు. తలుపు దగ్గర చప్పుడైతే చూశాను. మేడం సొరుగులోని కట్ట పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వచ్చి సారు ముందు పెట్టింది.

సారు తెరిచాడు. టికెట్లన్నీ తెల్లబడిపోయాయి, ఎండలు అక్షరాలను తినేశాయి. "ఏంది ఎస్తేరమ్మా, తెల్లకాయిదాలు దెచ్చినవ్?"

"పక్కన రాసింది సదువుండ్రి సార్."

ఆయన చదవడం మొదలుపెట్టాడు. మొదట పైకే చదివాడు. బస్సు ఆలస్యం. బస్సు ఆలస్యం. టైముకు వచ్చింది. టైముకు వచ్చింది. బస్సు ఆలస్యం. కాసేపటికి గొంతు తగ్గింది, సమ్మె రోజుల కాగితం దగ్గరికి వచ్చాక పూర్తిగా ఆగిపోయింది. అప్పుడు మేడం మాట్లాడింది, గొంతు పెంచకుండా.

"గీ పిల్ల ఒక్కనాడు ఆలస్యం గాలే సార్. ఎవలెవలి ఫారాలల్లనో మీరే బాట గడి నింపిస్తరు. వచ్చే బాట గూడ కొలువుల భాగమేనని సర్కారు ఒప్పుకున్నట్టే గద. ఇగ బందంటరా, అది మనందరం గలిసి చేసింది. మీరు గూడ జై కొట్టిండ్రు. అందరి బందు ఒక్క పిల్ల కొలువు మీద వెట్టుడేంది?"

ఫ్యాను గాలికి తెల్ల టికెట్ల కొసలు లేచి పడుతున్నాయి. "సరేగని పోండ్రి, పని సూసుకోండ్రి" అన్నాడు చివరికి. మర్నాడు వెళ్లేసరికి హాజరు రిజిస్టరు మేడం బల్ల మీద ఉంది. ఎర్రసిరా పెన్ను మాత్రం మళ్లీ కనపడలేదు.

కాగితాల పని నాకు ఆమే నేర్పింది. ఎవరి కాగితం వాళ్ల ముందు పెట్టి చదివి వినిపించడం, ఎదుటివాడు ఎంత చిన్నవాడైనా అతని మాట తప్పు రాయకపోవడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. మా ఆయన తిరిగొచ్చి సిరిసిల్లలో దుకాణం పెట్టుకున్నాక నేనూ ఇక్కడికి వచ్చేశాను. వచ్చేనాడు మేడం ఆ కట్టను పాత చీరముక్కలో చుట్టి నా చేతికిచ్చింది. ఇప్పుడు నేనే ఒక గదిలో కూర్చుని పన్ను కాగితాలు నింపుతాను. ఆ బాట గడి ఫారంలోంచి ఎప్పుడో పోయింది. అన్నీ కలిపి అందరికీ ఒకటే మినహాయింపు చేశారు. లెక్కకు అదే సులువు, నిజమే. అయినా ఆ చోటికి వచ్చేసరికి నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. నా దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు దూరం నుంచి వస్తారు. వాళ్ల రిజిస్టరులో ఏం రాస్తానో చెప్పనక్కర్లేదు.

మేడం పోయిందని ఫోను వచ్చింది ఒక సోమవారం పొద్దున. దొరికిన బస్సెక్కాను. సోమవారం వేములవాడ సంగతి తెలిసిందే కదా, రాజన్న భక్తుల మధ్య బస్సు గంటసేపు కదల్లేదు. కొండగట్టు దగ్గర మళ్లీ ఆగింది. జగిత్యాలలో బీర్పూర్ బస్సు అప్పుడే వెళ్లిపోయిందన్నారు. తర్వాతి బస్సులో కిటికీకి తల ఆనించి, మేడం చూస్తుంది, రాసుకుంటుంది అని నాలో నేను అనుకుంటూ కూర్చున్నాను. నేను చేరేసరికి చర్చి వెనక మట్టి కప్పేశారు. మట్టి ఇంకా తడిగా ఉంది, మీద బంతిపూలు. అందరూ వెళ్లిపోయారు. కడసారి మొహం చూడలేకపోయాను. చాలాసేపు అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇంటికొచ్చి ఆ టికెట్టును కట్టలో చివరి కాగితానికి అంటించాను, అన్నం మెతుకులతోనే. అదీ ఇప్పుడు తెల్లబడిపోయింది. తారీఖు వేసి పక్కన రాయడానికి ఆమె లేదు కనుక పెన్సిలు నేనే చెక్కుకున్నాను.

'బస్సు ఆలస్యం. నేను వచ్చిన మేడం.'