గోపురం పేటది, కబురు చేపల చెరువులది

నిరుడు వేసవంతా సంపూర్ణమ్మ ఉప్పునీళ్ళతోనే వండింది. పేటలో పిల్లలకు విరేచనాలు పట్టుకుంటే, "అంతా దేవుడి చిత్తం" అని ఊరుకుంది. దేవుడికేం పని? ఉప్పు వస్తోందని ముందే తెలిసిన మనుషులున్నారు.

ఆమెది యానాం దారిలో, కాలువ కొట్టకొసనున్న పేట. అక్కడి లూథరన్ చర్చిలో గంట కొడుతుంది. గోపురం తాళంచెవి ఎప్పుడూ ఆమె కొంగునే. చేపల చెరువుల రైతులు కాలువ పొడుగునా నీళ్ళలో ఉప్పు కొలిచే మీటర్లు పాతించారు. వైర్లుండవు. మీటరు చెప్పే లెక్క గాలిలో వచ్చి ఒక పెట్టెకు చేరి, అక్కడి నుంచి రైతుల ఫోన్లకు పోతుంది. కొబ్బరితోటల మీదుగా సిగ్నల్ అందాలంటే పెట్టె ఎత్తున ఉండాలి. చుట్టుపక్కల అంత ఎత్తు పేట గోపురానికే ఉంది. మీటర్ల కంపెనీ ఇంజనీరు గణేష్‌బాబు వచ్చి అడిగితే ఎవరూ కాదనలేదు. పాస్టరుగారైతే పెట్టె మీద చెయ్యివేసి ప్రతిష్ఠ ప్రార్థన కూడా చేశారు! కరెంటు చర్చిది. బూజు దులిపేది సంపూర్ణమ్మ.

ఏటా ఎండాకాలం నీళ్ళు ఆపి కాలువలు కట్టేసేముందు పేటవాళ్ళు మంచినీళ్ళ చెరువు నింపుకుంటారు. వానలదాకా ఆ నీళ్ళే గతి. నిరుడు తూము ఎత్తి నీళ్ళు పెడుతుండగా సముద్రపు పోటు కాలువలోకి ఎక్కింది. ఆ కబురు పేట గోపురం మీంచే రైతులకు పోయింది. పేటకు రాలేదు.

ఈ ఏడు అవతలి ఒడ్డు చెరువులకూ మీటర్లు పెడుతూ గణేష్‌బాబు గొప్ప చెప్పాడు: "నిరుడు పోటెక్కినప్పుడు ఒక్క చేపపిల్ల చావలేదంటే దీని చలవేనండి!"

పక్కనే ఉన్న ఆమె కొడుకు ఏసురాజు మొహం మాడిపోయింది. శివరామకృష్ణ చేపల చెరువు దగ్గర కూలి అతను. ఆ పోటు రోజున ఆసామి "మోటారు కట్టెయ్యరా!" అంటే, కాలువ నీళ్ళు చెరువులోకి తోడే మోటారును పరుగెత్తి కట్టేసింది తనే. ఎందుకో ఆయన చెప్పలేదు, ఇతను అడగలేదు. అప్పుడు పేట తూము బార్లా తెరిచే ఉంది.

"మా తూము కాడా ఒకటి పెట్టండి బాబూ," అంది సంపూర్ణమ్మ.

"మీరు రైతుల సంఘంలో మెంబర్లు కాదు కదండీ."

"మా గోపురం మెంబరాండీ?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. గోపురమెక్కి స్విచ్చి కట్టేసి, తాళం వేసుకుంది.

మర్నాడు శివరామకృష్ణ బండేసుకుని వచ్చాడు. "ఏంటే సంపూర్ణా, ఆ పెట్టె మీద నీ పెత్తనమేంటి?"

"పెట్టె తమరిదేనండి, ఆయ్! దింపి పట్టుకుపోండి. గోపురం మాదండి."

"నా చేపలు చస్తే?"

"మా పిల్లలు మంచాన పడితే నిరుడు ఇలాగే బండేసుకొచ్చారాండి?"

ఏసురాజు తల్లి పక్కకొచ్చి నిలబడ్డాడు. "మోటారు కట్టమన్న నోటితో, మీ తూమూ మూసుకోండ్రా అని ఒక్క మాట అంటే ఏం పోయేదండీ?"

"చూద్దాం" అని బండి తిప్పుకుపోయాడాయన. ఇంకా చూస్తూనే ఉన్నాడు. కాలువలు కట్టేసే రోజు దగ్గరకొచ్చింది. పేట తూముకు మీటరు రాలేదు. సంపూర్ణమ్మ గోపురం తాళం తీయలేదు.

చదివేవారికి ఒక మనవి. సంపూర్ణమ్మను పొగిడి ఊరుకోకండి. మీ ఊరి బడి మేడ మీదో, వాటర్ ట్యాంకు మీదో, చర్చి మీదో అలాంటి పెట్టె ఉంటే, కబురు ఎవరి ఫోన్లకు పోతోందో అడగండి. తాగే నీళ్ళ తూముకే ముందు మీటరు పెట్టాలని, తూము ఎత్తే మనిషి నంబరు చేర్చాలని గ్రామసభలో పట్టుబట్టండి. కాలువలు కట్టాక కాదు, ఇప్పుడే అడగండి.